వివాహ ఆధారిత శాశ్వత నివాసం (అమెరికా): జాప్యాలు, పత్రాల సమస్యలు

వివాహ ఆధారిత శాశ్వత నివాసం అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరులను గాని, అక్కడి శాశ్వత నివాసులను గాని వివాహమాడిన విదేశీయులకు ఆ దేశంలో స్థిరంగా నివసించడానికీ, పనిచేయడానికీ లభించే హోదా. ఈ హోదాకు గుర్తుగా ఇచ్చే కార్డును వాడుకలో గ్రీన్ కార్డు అంటారు. అన్ని అర్హతలూ ఉన్న దంపతులు కూడా ఈ హోదా కొరకు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి, వేర్వేరు దేశాలలో నిరీక్షించవలసి వస్తుంది.

ఈ ప్రక్రియలో కలిగే జాప్యాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వరుస వలన కలిగే జాప్యం. చట్టం విధించిన సంఖ్యా పరిమితులు, కార్యాలయాలలో పేరుకుపోయిన దరఖాస్తులు దీనికి కారణాలు. దీనిని దరఖాస్తుదారులు తగ్గించలేరు. రెండవది పత్రాల వలన కలిగే జాప్యం. ఒక పత్రంలో ఉన్న పేరు, తేదీ, వివాహ వివరం మరొక పత్రంతో సరిపోలకపోవడం, సంతకం లేదా రుసుము లోపించడం, అడిగిన ఆధారం పంపకపోవడం దీనికి కారణాలు. దీనిని చాలా వరకు నివారించవచ్చు. తమకు కలిగిన ఆలస్యం ఏ రకానికి చెందినదో తెలిస్తేనే వేచి ఉండాలో, విచారణ కోరాలో, పత్రం సరిచేయించుకోవాలో దంపతులకు తెలుస్తుంది.

చట్ట నేపథ్యం

1917 నాటి అమెరికా వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగం నుండి వలసను నిషేధించింది. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు సంవత్సరానికి సుమారు 100 మంది వంతున మాత్రమే ప్రవేశం కల్పించింది. నేటికీ మూలాధారంగా ఉన్న వలస, జాతీయత చట్టం 1952లో అమలులోకి వచ్చింది. 1965లో దానికి చేసిన సవరణలు దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసి, కుటుంబ సభ్యులను కలపడానికి ప్రాధాన్యమిచ్చాయి. పౌరుల భార్యాభర్తలను "సమీప బంధువులు" అనే వర్గంలో చేర్చి, సంఖ్యా పరిమితి నుండి మినహాయించాయి.

బూటకపు వివాహాలను అరికట్టే ఉద్దేశంతో 1986లో చేసిన సవరణలు, కొత్తగా పెళ్ళయినవారికి మొదట రెండు సంవత్సరాల షరతులతో కూడిన నివాసాన్ని మాత్రమే ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాయి. 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం, హింసకు గురైన జీవిత భాగస్వాములు తమంతట తామే దరఖాస్తు చేసుకొనే వీలు కల్పించింది. 1996 నాటి చట్టం ఆర్థిక హామీని కోర్టులో అమలుచేయదగిన ఒప్పందంగా మార్చింది. అనుమతి లేకుండా అమెరికాలో ఉన్నవారు దేశం విడిచి వెళితే 3 లేదా 10 సంవత్సరాలు తిరిగి రాకుండా చేసే నిషేధాలు కూడా ఈ చట్టంతోనే వచ్చాయి. 2013 జూన్ 26న విండ్సర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత స్వలింగ వివాహాలను కూడా వలస చట్టం గుర్తిస్తున్నది.

2003 మార్చి 1 నుండి ఈ దరఖాస్తులను యూఎస్‌సీఐఎస్ అని పిలువబడే పౌరసత్వ, వలస సేవల సంస్థ పరిశీలిస్తున్నది. విదేశాలలో వీసాలు జారీచేసే బాధ్యత మాత్రం విదేశాంగ శాఖది. ఒకే కుటుంబానికి చెందిన ఫైలు ఈ రెండు శాఖల మధ్య ప్రయాణించడం కూడా ఆలస్యాలకు ఒక మూలం.

రెండు వర్గాలు

దరఖాస్తు చేసే భర్త లేదా భార్యను పిటిషనరు అనీ, ఎవరి కొరకు దరఖాస్తు చేస్తారో వారిని లబ్ధిదారు అనీ అంటారు. పిటిషనరు అమెరికా పౌరులైతే లబ్ధిదారు సమీప బంధువు అవుతారు. వీరికి వీసా సంఖ్య కొరకు వరుస ఉండదు. వీరి నిరీక్షణ అంతా కార్యాలయాల పనివేగం మీద ఆధారపడుతుంది.

పిటిషనరు కేవలం శాశ్వత నివాసి అయితే లబ్ధిదారు ఎఫ్2ఎ అనే వర్గంలోకి వస్తారు. ఈ వర్గానికి వార్షిక సంఖ్యా పరిమితి ఉంది. పిటిషను సక్రమంగా దాఖలైన తేదీని ప్రాధాన్య తేదీ అంటారు. విదేశాంగ శాఖ ప్రతి నెలా వెలువరించే వీసా బులెటిన్‌లోని తేదీ ఆ ప్రాధాన్య తేదీని దాటినప్పుడే వీసా సంఖ్య లభిస్తుంది. బులెటిన్ తేదీలు ముందుకే కాక వెనక్కు కూడా జరుగుతాయి. 2019 జూలై నుండి 2023 మార్చి వరకు ఈ వర్గంలో వరుస లేదు. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ 2020 సెప్టెంబరు 8కి వెళ్ళిపోయింది. అప్పటివరకు వరుస లేదనుకున్న కుటుంబాలు ఒక్కసారిగా నిరీక్షణలో పడ్డాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి హెచ్-1బి వీసాపై వెళ్ళి, ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు పొందినవారి విషయంలో వివాహం జరిగిన తేదీ చాలా ముఖ్యమైనది. గ్రీన్ కార్డు మంజూరు కావడానికి ముందే వివాహం జరిగి ఉంటే, జీవిత భాగస్వామి అదే ఉద్యోగ వర్గంలో ఆశ్రితులుగా తరువాత వచ్చి చేరవచ్చు. వారికి వేరే పిటిషను అవసరం ఉండదు. మంజూరు అయిన తరువాత వివాహం జరిగితే, అది మరునాడే అయినా, ఎఫ్2ఎ వర్గంలో కొత్తగా వరుసలో నిలబడవలసి ఉంటుంది.

ప్రక్రియలోని దశలు

మొదటి దశలో పిటిషనరు ఐ-130 ఫారం దాఖలు చేస్తారు. దానితో పాటు లబ్ధిదారు వివరాలతో ఐ-130ఎ ఫారం జతచేయాలి. ఈ పిటిషను ఆమోదం వివాహ సంబంధాన్ని గుర్తించడం మాత్రమే. దానివలన అమెరికాలో ఉండే హక్కు గాని, పనిచేసే హక్కు గాని లభించదు.

లబ్ధిదారు అమెరికాలోనే ఉంటే ఐ-485 ఫారం ద్వారా హోదా మార్పు కోరవచ్చు. సమీప బంధువులు ఐ-130, ఐ-485 ఫారాలను ఒకేసారి దాఖలు చేయవచ్చు. సక్రమమైన తనిఖీతో దేశంలో ప్రవేశించినవారైతే, అనుమతించిన గడువు దాటి ఉండిపోయినా, సమీప బంధువులకు ఈ మార్గం మూసుకుపోదు. ఎఫ్2ఎ వర్గం వారికి సాధారణంగా ఈ మినహాయింపు లేదు.

లబ్ధిదారు విదేశంలో ఉంటే, ఐ-130 ఆమోదం తరువాత ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ వలస వీసా రుసుము 325 డాలర్లు, ఆర్థిక హామీ పరిశీలన రుసుము 120 డాలర్లు చెల్లించి, డీఎస్-260 ఫారం నింపి, పౌర పత్రాలను ఆన్‌లైన్‌లో అందజేయాలి. పత్రాలన్నీ సరిపోయాయని ఆ కేంద్రం నిర్ధారించిన తరువాతనే ఇంటర్వ్యూ వరుసలో చోటు దొరుకుతుంది. భారతదేశానికి సంబంధించిన వలస వీసా ఇంటర్వ్యూలకు ప్రధాన కేంద్రం ముంబయిలోని అమెరికా కాన్సులేటు. 2008లో హైదరాబాదులో కాన్సులేటు ప్రారంభమైనప్పటికీ, తెలుగు రాష్ట్రాల నుండి వలస వీసా కోరేవారు ముంబయి వెళ్ళి రావలసి ఉంటుంది.

2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం ఐ-130 రుసుము కాగితంపై 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625 డాలర్లు. ఐ-485 రుసుము పెద్దలకు 1,440 డాలర్లు. రుసుములు తరచుగా మారుతుంటాయి కాబట్టి దాఖలు చేసే రోజున అమలులో ఉన్న మొత్తమే చెల్లించాలి.

వరుస వలన కలిగే జాప్యాలు

సంఖ్యా పరిమితి లేని సమీప బంధువుల ఫైళ్ళు కూడా కార్యాలయాలలో నిలిచిపోతాయి. 2020 మార్చిలో కోవిడ్-19 కారణంగా అమెరికా కాన్సులేట్లు సాధారణ వీసా సేవలను నిలిపివేశాయి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వెలువడిన అధ్యక్షుని ప్రకటన అనేక వర్గాల వలసదారుల ప్రవేశాన్ని నిలిపివేసింది. పౌరుల భార్యాభర్తలకు దాని నుండి మినహాయింపు లభించినా, ఎఫ్2ఎ వర్గానికి లభించలేదు. 2021 ఫిబ్రవరి 24న ఆ ప్రకటన రద్దయింది. అయితే అప్పటికి పేరుకుపోయిన ఇంటర్వ్యూలు తరువాతి సంవత్సరాలలో కూడా వరుసలను పొడిగించాయి.

నేర చరిత్ర, భద్రత పరిశీలనలు పూర్తికాకపోవడం వలన కూడా ఆలస్యం జరుగుతుంది. వేరొకరి పేరుతో పోలిక ఉన్నవారి పరిశీలనకు ఎక్కువ సమయం పట్టవచ్చు. దరఖాస్తుదారు చేసిన తప్పు ఏదీ లేకపోయినా ఇది జరుగుతుంది.

తిప్పిపంపడం, ఆధారాలు కోరడం, నిరాకరించడం

కార్యాలయం నుండి వచ్చే ఉత్తరాల అర్థం సరిగా తెలియక చాలామంది భయపడతారు, లేదా గడువు పోగొట్టుకుంటారు. వీటిలో ముఖ్యమైన నాలుగింటి తేడా ఈ విధంగా ఉంటుంది.

తిప్పిపంపడం: సంతకం లేకపోవడం, రుసుము తప్పుగా ఉండడం, పాత ఎడిషన్ ఫారం వాడడం వంటి కారణాలతో దరఖాస్తును స్వీకరించకుండానే వెనక్కు పంపుతారు. ఇది కేసు యోగ్యతపై తీర్పు కాదు. సరిచేసి మళ్ళీ పంపవచ్చు. కాని మొదట పంపిన తేదీ లెక్కలోకి రాదు. వరుస ఉన్న వర్గంలో ఇది పెద్ద నష్టం. 2025 అక్టోబరు 28 తరువాత కాగితపు చెక్కులను యూఎస్‌సీఐఎస్ సాధారణంగా స్వీకరించడం లేదు. కార్డు ద్వారా గాని, అమెరికా బ్యాంకు ఖాతా నుండి నేరుగా గాని చెల్లించాలి.

అదనపు ఆధారాలు కోరడం: దీనిని ఆర్ఎఫ్ఈ అంటారు. జవాబుకు గరిష్ఠంగా 12 వారాల గడువు ఇస్తారు. టపా ద్వారా నోటీసు వచ్చినప్పుడు అదనంగా కొన్ని రోజులు కలుపుతారు. ఆ గడువును పొడిగించరు. కోరిన ఆధారాలన్నీ ఒకేసారి పంపాలి. విడతలుగా పంపితే మొదటి విడతనే పూర్తి జవాబుగా భావించి నిర్ణయం తీసుకుంటారు. ఏదైనా పత్రం దొరకని పక్షంలో, అది ఎందుకు లేదో చూపే అధికారిక లేఖను, ప్రత్యామ్నాయ ఆధారాన్ని అదే జవాబులో జతచేయాలి.

నిరాకరణ ఉద్దేశపు నోటీసు: అధికారి ప్రతికూల అభిప్రాయానికి వచ్చినట్లు దీని అర్థం. గరిష్ఠ గడువు 30 రోజులు మాత్రమే. న్యాయవాది సహాయం ఎక్కువగా అవసరమయ్యేది ఈ దశలోనే.

221(జి) చీటీ: కాన్సులేటులో ఇంటర్వ్యూ తరువాత పత్రం లోపించినా, మరింత పరిశీలన అవసరమైనా ఇది ఇస్తారు. సాంకేతికంగా ఇది నిరాకరణే అయినా, లోపం సరిచేస్తే తొలగిపోతుంది. అడిగిన పత్రాన్ని ఒక సంవత్సరం లోపల అందజేయకపోతే మళ్ళీ దరఖాస్తు చేసి, రుసుము మళ్ళీ చెల్లించవలసి వస్తుంది.

పత్రాలలో తరచుగా వచ్చే సమస్యలు

పేరు: తెలుగువారిలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రాయడం ఆచారం. ఇంటిపేరును పొడి అక్షరంగా మాత్రమే రాయడం కూడా ఎక్కువ. పదవ తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, వివాహ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు ఉంటే ఒకే వ్యక్తి ముగ్గురుగా కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి పేరు మొత్తాన్నీ అమెరికా వీసాలో ఇంటిపేరుగా వేసి, పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని ముద్రిస్తారు. ఇటువంటి తేడాలు ఉన్నప్పుడు, వాడిన పేర్లన్నింటినీ ఫారంలోని "ఇతర పేర్లు" గడిలో రాయడం, ఆ పేర్లన్నీ ఒక్కరివేనని తెలిపే నోటరీ ప్రమాణపత్రం జతచేయడం పరిపాటి. వివాహం తరువాత ఇంటిపేరు మార్చుకోవాలనే నియమం ఏదీ లేదు. కేసు నడుస్తుండగా పేరు మార్చుకోవడం వలన కొత్త తేడాలు పుడతాయి.

జననం: భారతదేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టినవారికి పాఠశాల ధ్రువపత్రాలు మొదలైన ప్రత్యామ్నాయాలను అమెరికా విదేశాంగ శాఖ అంగీకరిస్తుంది. ఆ తరువాత పుట్టినవారు పురపాలక సంఘం, పంచాయతీ లేదా సంబంధిత రిజిస్ట్రారు ఇచ్చిన జనన ధ్రువపత్రం చూపాలి. ఆసుపత్రిలో పుట్టినప్పుడు బిడ్డ పేరు లేకుండానే జననం నమోదు కావడం సాధారణం. ఆ పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది. అదే చట్టంలోని 14వ సెక్షను ప్రకారం తరువాత పేరు చేర్పించుకోవచ్చు. జననం అసలు నమోదు కాకపోతే నమోదు లేదని తెలిపే పత్రం, దానితో పాటు ప్రత్యామ్నాయ ఆధారాలు అవసరమవుతాయి. ఒక సంవత్సరం దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయడానికి పూర్వం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సవరణ ఆ అధికారాన్ని జిల్లా, సబ్ డివిజనల్ లేదా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా వేయించిన పుట్టినతేదీ, నమోదులోని తేదీతో కలవకపోవడం మరొక చిక్కు. దీనిని ఇంటర్వ్యూ వరకు వాయిదా వేయకుండా ముందే సరిచేయించుకోవడం మేలు.

వివాహ నమోదు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం 2002లో వచ్చింది. 2006లో సీమ కేసులో భారత సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలలోనూ నమోదును తప్పనిసరి చేయవలసిందిగా ఆదేశించింది. అమెరికా అధికారులకు రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. శుభలేఖ, దేవస్థానం రసీదు, ఫోటోలు దానికి తోడుగా మాత్రమే పనికివస్తాయి. వీసా పనుల కొరకు ముందుగా రిజిస్టరు వివాహం చేసుకొని, కొన్ని నెలల తరువాత ముహూర్తం చూసి సంప్రదాయ వివాహం జరిపించే కుటుంబాలు ఉన్నాయి. అప్పుడు రెండు తేదీలు ఏర్పడతాయి. చట్టబద్ధంగా మొదట చెల్లిన తేదీనే అన్ని ఫారాలలో ఒకే విధంగా రాసి, రెండవది సంప్రదాయ వేడుక అని వివరించాలి. వధూవరులు ఒకే చోట లేకుండా వీడియో ద్వారా జరిగిన వివాహాన్ని, ఆ తరువాత దాంపత్యం జరగనిదే వలస చట్టం గుర్తించదు.

పూర్వ వివాహాలు: ఇద్దరిలో ఎవరికి పూర్వ వివాహం ఉన్నా, అది ముగిసినట్లు కోర్టు డిక్రీ గాని, మరణ ధ్రువపత్రం గాని చూపాలి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై రాసుకున్న విడాకులు ఇక్కడ తీవ్రమైన సమస్య అవుతాయి. హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షను ఆచార విడాకులను కాపాడినప్పటికీ, ఆ కులంలో లేదా సమూహంలో అటువంటి ఆచారం ఉన్నదని రుజువు చేయాలి. రుజువు కాకపోతే రెండవ వివాహమే చెల్లకుండా పోయి, మొత్తం పిటిషను కూలిపోతుంది. సివిల్ కోర్టు ద్వారా డిక్రీ పొందడం సురక్షితమైన మార్గం.

మేనరికాలు: వివాహం జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లుబాటు అయితే సాధారణంగా అమెరికా వలస చట్టం కూడా దానిని గుర్తిస్తుంది. అయితే దంపతులు నివసించబోయే రాష్ట్రపు ప్రజా విధానానికి అది విరుద్ధంగా ఉండరాదు. మేనత్త మేనమామల పిల్లల మధ్య వివాహాలు, మేనమామ-మేనకోడలు వివాహాల విషయంలో అమెరికా రాష్ట్రాల చట్టాలు వేర్వేరుగా ఉన్నాయి. కాబట్టి దాఖలుకు ముందే ఆ రాష్ట్ర చట్టాన్ని తెలుసుకోవాలి.

అనువాదం: తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ పూర్తి ఆంగ్ల అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణమైనది, సరియైనది అనీ, తనకు రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు సంతకంతో ధ్రువీకరించాలి. ముద్రలు, పక్కన చేతితో రాసిన మాటలు వదిలివేసిన అనువాదం అసంపూర్ణంగా పరిగణించబడుతుంది.

వివాహం నిజమైనదని రుజువు

వివాహం జరిగే సమయంలో ఇద్దరికీ కలిసి జీవించాలనే ఉద్దేశం ఉన్నదా అనేది ప్రధాన ప్రశ్న. 1975లో బార్క్ కేసులో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. రుజువు చేయవలసిన భారం దంపతులదే. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె ఒప్పందం, బీమా, పిల్లల జనన పత్రాలు సాధారణ ఆధారాలు.

పెద్దలు కుదిర్చిన వివాహం చేసుకొని, రెండు మూడు వారాల సెలవు తరువాత విడిపోయి ఉన్న దంపతులకు ఇటువంటి ఉమ్మడి ఆధారాలు ఉండవు. అలాంటివారు నిశ్చితార్థం, వివాహపు ఫోటోలు, ఇరు కుటుంబాల పెద్దల ప్రమాణపత్రాలు, ఫోను సంభాషణల వివరాలు, ప్రయాణ టికెట్లు, పంపిన డబ్బు రసీదులు కాలక్రమంలో అమర్చి ఇవ్వవచ్చు. సంబంధం ఎలా కుదిరిందో, ఎవరు చూశారో వివరించే చిన్న లేఖ, ఈ ఆచారం తెలియని అధికారికి ఉపయోగపడుతుంది.

అధికారికి అనుమానం కలిగితే భార్యాభర్తలను వేర్వేరుగా ప్రశ్నించి సమాధానాలను పోల్చుతారు. తెలియని విషయాన్ని ఊహించి చెప్పడం కంటే తెలియదని చెప్పడమే మంచిది. వలస ప్రయోజనం కొరకు బూటకపు వివాహం చేసుకున్నట్లు నిర్ధారణ అయితే, భవిష్యత్తులో నిజమైన వివాహం చేసుకున్నా పిటిషను ఆమోదించరు. దీనికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 2,50,000 డాలర్ల వరకు జరిమానా కూడా ఉన్నాయి.

ఆర్థిక హామీ, పోలీసు పత్రం, వైద్య పరీక్ష

పిటిషనరు ఐ-864 ఫారం ద్వారా ఆర్థిక హామీ ఇవ్వాలి. కుటుంబ పరిమాణాన్ని బట్టి ఆదాయం సమాఖ్య పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి. సైన్యంలో పనిచేస్తూ భార్య లేదా భర్త కొరకు దరఖాస్తు చేసేవారికి ఇది 100 శాతం. ఆదాయం చాలకపోతే అర్హతగల మరొకరు ఉమ్మడి హామీదారుగా సంతకం చేయవచ్చు. అయినప్పటికీ పిటిషనరు తన సొంత ఐ-864 కూడా ఇవ్వవలసిందే. దీనిని మరచిపోవడం తరచుగా జరిగే తప్పు. కుటుంబ సభ్యుల లెక్క తప్పడం, పన్ను వివరాలు జతచేయకపోవడం కూడా ఫైలును ఆపుతాయి. ఈ హామీ విడాకులతో ముగియదు. లబ్ధిదారు పౌరసత్వం పొందేవరకు, లేదా 40 త్రైమాసికాల పని లెక్కలోకి వచ్చేవరకు, లేదా మరణించేవరకు, లేదా నివాస హోదా వదలి శాశ్వతంగా దేశం విడిచేవరకు కొనసాగుతుంది. హామీదారు మరణించినా ఇది ముగుస్తుంది.

విదేశంలో వీసా కోరే 16 సంవత్సరాలు నిండినవారు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ ఇవ్వాలి. భారతదేశంలో దీనిని పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా పొందవచ్చు. దరఖాస్తుదారు ఇంకా అదే దేశంలో నివసిస్తుంటే ఈ పత్రం రెండు సంవత్సరాల తరువాత చెల్లదు. ఇంటర్వ్యూ ఆలస్యమైనవారు దీనిని మళ్ళీ తెచ్చుకోవలసి రావచ్చు.

భారతదేశంలో వైద్య పరీక్షను కాన్సులేటు గుర్తించిన వైద్యులే చేయాలి. క్షయవ్యాధి అనుమానం కలిగితే కఫం కల్చర్ పరీక్షకు ఎనిమిది వారాల వరకు పడుతుంది. వ్యాధి నిర్ధారణ అయితే చికిత్స పూర్తయ్యేవరకు వీసా ఇవ్వరు. వీసా చెల్లుబాటు కాలం వైద్య పరీక్ష తేదీ మీద కూడా ఆధారపడుతుంది. అమెరికాలో హోదా మార్పు కోరేవారు 2024 డిసెంబరు 2 నుండి ఐ-693 వైద్య ఫారాన్ని, అవసరమైన సందర్భాలలో, ఐ-485తో పాటే దాఖలు చేయాలి. చేయకపోతే దరఖాస్తును తిప్పిపంపవచ్చు.

నిరీక్షణ కాలంలో జాగ్రత్తలు

ఐ-485 పెండింగులో ఉండగా ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా దేశం విడిచి వెళితే, దరఖాస్తును వదులుకున్నట్లు భావిస్తారు. చెల్లుబాటులో ఉన్న హెచ్-1బి, ఎల్-1 హోదాల వారికి, వారి ఆశ్రితులకు మినహాయింపు ఉంది. స్వదేశంలో తల్లిదండ్రుల అనారోగ్యం వంటి అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు ఈ నియమం తెలియక కేసు పోగొట్టుకోవడం జరుగుతుంది.

అమెరికాలో ఉన్న లబ్ధిదారు చిరునామా మారిన 10 రోజులలోగా యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి. తపాలాశాఖకు మాత్రమే చెబితే చాలదు. నోటీసు పాత చిరునామాకు వెళ్ళి, జవాబు రాకపోతే దరఖాస్తు నిరాకరించబడుతుంది. నేషనల్ వీసా సెంటర్‌లో ఉన్న కేసును ఒక సంవత్సరం పాటు పట్టించుకోకపోతే రద్దుచేసే ప్రక్రియ మొదలవుతుంది.

పిటిషనరు పౌరసత్వం పొందితే ఎఫ్2ఎ పిటిషను దానంతట అదే సమీప బంధువు వర్గంలోకి మారుతుంది. పౌరసత్వ ధ్రువపత్రం నకలును ఫైలు ఉన్న కార్యాలయానికి పంపాలి. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎఫ్2ఎ వర్గంలో పిల్లలు తల్లి లేదా తండ్రి పిటిషనుపై ఆశ్రితులుగా రావచ్చు. సమీప బంధువు వర్గంలో ఆశ్రితులు ఉండరు. పౌరసత్వం రాగానే ప్రతి బిడ్డకూ వేరుగా ఐ-130 దాఖలు చేయాలి. సవతి బిడ్డల విషయంలో, ఆ బిడ్డకు 18 సంవత్సరాలు నిండకముందే వివాహం జరిగి ఉండాలి. 2002లో వచ్చిన బాలల హోదా పరిరక్షణ చట్టం కొన్ని సందర్భాలలో 21 సంవత్సరాలు దాటిన పిల్లలను కాపాడుతుంది. కాని దాఖలు చేయని పిటిషనును అది కాపాడలేదు.

జాప్యం జరిగినప్పుడు మార్గాలు

యూఎస్‌సీఐఎస్ ప్రతి ఫారానికీ సాధారణ పరిశీలన కాలాన్ని తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. ఆ కాలం దాటితే రసీదు సంఖ్యతో విచారణ కోరవచ్చు. తీవ్రమైన ఆర్థిక నష్టం, ప్రాణాపాయకరమైన అనారోగ్యం వంటి కారణాలకు ఆధారాలు చూపి త్వరిత పరిశీలన కోరవచ్చు. దీనిని మంజూరు చేయడం అధికారుల విచక్షణ. అమెరికాలో నివసించే పిటిషనరు తమ కాంగ్రెసు సభ్యుని లేదా సెనేటరు కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. ఆ కార్యాలయాలు నిర్ణయాన్ని మార్చలేవు గాని, ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోగలవు.

జాప్యం అసమంజసమైతే ఫెడరల్ జిల్లా కోర్టులో మాండమస్ దావా వేయవచ్చు. కోర్టు నిర్ణయం తీసుకోమని ఆదేశించగలదు గాని, ఆమోదించమని ఆదేశించదు. పత్రాలలో బలహీనత ఉన్న కేసులో దావా వేస్తే త్వరగా నిరాకరణ రావచ్చు. కాన్సులేటు వీసా నిరాకరిస్తే కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. 2024 జూన్ 21న మున్యోజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకొనే ప్రాథమిక రాజ్యాంగ హక్కు పౌరులకు లేదని తీర్పు చెప్పింది. అందువలన కాన్సులేటు ముందు ఉంచే పత్రాలు మొదటిసారే సక్రమంగా ఉండడం మరింత ముఖ్యమైనది.

షరతులతో కూడిన నివాసం

శాశ్వత నివాసం లభించిన రోజుకు వివాహమై రెండు సంవత్సరాలు నిండకపోతే, రెండేళ్ళ కార్డు మాత్రమే ఇస్తారు. దాని గడువు ముగియడానికి ముందు 90 రోజులలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 ఫారం దాఖలు చేయాలి. చేయకపోతే హోదా రద్దవుతుంది. ఈ ఫారాల పరిశీలన ఆలస్యమవుతున్నందున, 2023 జనవరి 25 నుండి రసీదు నోటీసు ద్వారా కార్డు చెల్లుబాటును 48 నెలలు పొడిగించే పద్ధతిని ప్రకటించారు. పాత కార్డు, ఆ నోటీసు రెండూ కలిపి చూపితే ఉద్యోగానికీ, ప్రయాణానికీ ఆధారంగా చెల్లుతాయి.

వివాహం విడాకులతో ముగిసినా, అది మొదట సదుద్దేశంతో జరిగినదని నిరూపించి ఒంటరిగా ఐ-751 దాఖలు చేయవచ్చు. హింసకు, తీవ్ర క్రూరత్వానికి గురైనవారికి కూడా ఈ మినహాయింపు ఉంది. ఇంకా హోదా రాని దశలో ఉన్న బాధితులు, స్త్రీలైనా పురుషులైనా, ఐ-360 ఫారం ద్వారా భాగస్వామికి తెలియకుండా, వారి సహకారం లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చు. "నా సంతకం లేనిదే నీకు కార్డు రాదు" అనే బెదిరింపు చట్టప్రకారం పూర్తిగా నిజం కాదు. పిటిషనరైన పౌరుడు మరణించినా దారి మూసుకుపోదు. 2009 అక్టోబరులో చేసిన సవరణ ప్రకారం, పెళ్ళయి రెండేళ్ళు నిండకపోయినా, మరణించిన తేదీ నుండి రెండు సంవత్సరాలలోపు వితంతువు లేదా విధురుడు పునర్వివాహం చేసుకోకుండా స్వయంగా దరఖాస్తు చేయవచ్చు.

అమెరికా పౌరునితో వివాహ బంధంలో కలిసి జీవిస్తున్నవారు, శాశ్వత నివాసం లభించిన మూడు సంవత్సరాలకు పౌరసత్వానికి అర్హులవుతారు. ఇతరులకు ఇది ఐదు సంవత్సరాలు. పౌరసత్వ పరిశీలనలో పాత ఫైలును మళ్ళీ తెరుస్తారు. మొదటి ఐ-130లో రాసిన పేరు, తేదీ, వివాహ వివరాలను అప్పుడు కూడా సరిచూస్తారు. అందువలన పంపిన ప్రతి ఫారం, వచ్చిన ప్రతి నోటీసు నకళ్ళను ఆ రోజు వరకు భద్రపరచుకోవడం అవసరం.